బాగోగులు

పొద్దున ఏడున్నర. ఇబ్రహీంపట్నం బస్టాండులో దిల్‌సుఖ్‌నగర్ బస్సు కోసం నిలబడ్డాను. బెంచీ మీద ఒక తల్లి, పక్కన కొడుకు. కుర్రవాడికి మీసం వచ్చింది, పద్దెనిమిది దాటి ఉంటాయి. ఆమె వాడి చొక్కాకు గుండీలు పెడుతోంది. పైనుంచి నాలుగు గబగబా పెట్టేసింది. అయిదోదాని దగ్గరికి వచ్చేసరికి గుండీని కాజాలోకి సగం దూర్చి చెయ్యి తీసేసింది. వాడు తల వంచి చూసుకున్నాడు. రెండు వేళ్లతో గుండీ అంచు పట్టుకున్నాడు, జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. ఇంతలో బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. ఆమె కదల్లేదు, వాడి వేళ్లనే చూస్తూ కూచుంది. మూడోసారికి గుండీ ఇవతలికి వచ్చింది. వాడు తలెత్తి తల్లిని చూశాడు. అప్పుడు లేచింది.

సీట్లన్నీ నిండిపోయాయి. నిలబడే మాట కలిసింది. ఈ మండలంలో నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను కాబట్టి ఆమె నన్ను గుర్తుపట్టింది. "మా తమ్ముడు మీ దగ్గరనే చదివిండు సారూ" అంది. గుండీ సంగతి అడిగాను.

"గదొక్కటి నేర్వనీకి ఏడు నెలలు పట్టింది సారూ. బోయిన్‌పల్లిల ఒక మేడం చెప్పింది. మొదటికెల్లి నేర్పకమ్మా, ఆఖరికెల్లి నేర్పు అన్నది. ఆఖరి పని వాడు జేస్తే, మొత్తం నేనే జేసిన అని వానికి అనిపిస్తదట."

కాసేపాగి, ఎటో చూస్తూ అడిగింది. "బాగైతడా సారూ?"

ముప్ఫై ఏళ్లలో ఈ ప్రశ్న ఎందరు తల్లుల నోట విన్నానో లెక్క లేదు. చదువుకున్నవాణ్ని కదా, నాకు తెలుస్తుందని అడుగుతారు. నేను ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు తప్పించుకోలేకపోయాను. ఏడు నెలలు ఓపిక పట్టి ఒక్క గుండీ నేర్పిన మనిషి అడుగుతున్న ప్రశ్న అది. ఆమె అడుగుతున్న "బాగు" ఏమిటి? గుండీ పెట్టుకోవడం బాగు కాదా? అయితే ఎంత? కాకపోతే ఎందుకు కాదు?

మన భాషలో ఈ మాట రెండు దారుల్లో నడుస్తుంది. బాగు చేయడం ఒకటి, బాగోగులు చూడటం ఒకటి. మోటారు చెడిపోతే బాగు చేస్తాం. జ్వరం వస్తే మందిస్తాం, బాగవుతుంది. బాగోగులు అన్నప్పుడు మాత్రం బాగు పక్కన ఓగు వచ్చి చేరుతుంది. ఓగు అంటే చెడు. పాత మాట, విడిగా ఇప్పుడెవరూ వాడరు, ఈ జంటలో మాత్రం ఇంకా బతికి ఉంది. ఒకరి బాగోగులు చూడటమంటే వాళ్ల మంచినీ చెడునీ కలిపి మోయడం. బాగైతేనే చూస్తాననే షరతు ఆ మాటలో లేదు. అన్నం తిన్నాడా, రాత్రి పడుకున్నాడా, పక్క తడిపాడా, ఫిట్స్ వచ్చాయా, ఇవన్నీ బాగోగులే. బుద్ధి ఎదగని పిల్లల ఇళ్లలో తల్లిదండ్రులు ఏళ్ల తరబడి ఈ రెండు మాటల మధ్య తిరుగుతూనే ఉంటారు. ఆసుపత్రి మెట్లెక్కేది బాగు కోసం. ఇంటికొచ్చి చేసేది బాగోగులు. మొదటిదానికి డాక్టరున్నాడు, దేవుడున్నాడు, ఫీజుంది, మొక్కుంది. రెండోదానికి తల్లి తప్ప ఎవరూ లేరు.

ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ కవరు ఉంటుంది. బీరువాలో బంగారమైనా కనబడకపోవచ్చు కానీ ఇది మాత్రం ఎక్కడుందో అందరికీ తెలుసు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు మారేటప్పుడు కాగితం ఒకటి వెతుకుతూ ఆమె అందులోవన్నీ బయటికి తీసింది. అడుగున నీలోఫర్ చీటీలు, పసుపురంగుకు తిరిగి, మడతల దగ్గర చిరిగి. పుట్టగానే ఏడవలేదట, మూడో రోజుకు కామెర్లు. తరువాత ఎర్రగడ్డ చీటీ. మాటలు రాకపోతే, ఊరికే నవ్వుతుంటే పిచ్చేమోనని తీసుకుపోయారు. ఇది పిచ్చి కాదమ్మా, బుద్ధి ఎదగకపోవడం అని వాళ్లు చెప్పి పంపారు. ఆ రెండింటికీ తేడా ఉందని ఆమెకు మొదటిసారి తెలిసింది అక్కడే. పిచ్చి వస్తుంది, మందుతో తగ్గవచ్చు. ఇది పుట్టుకతోనో పసితనంలోనో వచ్చి బతుకంతా వెంట ఉండే స్థితి. దానిపైన పట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి తీయించిన మెదడు స్కాను. దానికోసం పుస్తెలతాడు కుదువ పెట్టారు. స్కాను చూసి ఏం చెప్పారని అడిగితే, "ఏం చెప్పలే సారూ, మళ్ల రమ్మన్నరు" అంది. కాగితాల మధ్య ఎర్ర దారానికి కట్టిన తాయెత్తు ఒకటి, కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాది. యాదగిరిగుట్టలో మండలం రోజులు ఉండి వచ్చారు. ఆరుట్ల బుగ్గ జాతరలో మొక్కు తీర్చారు. అన్నిటికంటే పైన సదరం సర్టిఫికెటు, దానికి మాత్రం ప్లాస్టిక్ తొడుగు.

చదువుకున్నవాళ్లం ఈ కవరు చూసి ఒక మాట అనేస్తాం. తెలియనితనం, తాయెత్తులకూ స్కానులకూ తిరిగి డబ్బు పోగొట్టుకున్నారు, మొదట్లోనే ఒప్పుకుని ఉంటే సరిపోయేది అని. నేనూ అన్నవాణ్నే. ఇప్పుడు అనలేను. ఎందుకంటే బాగవుతుందేమోనని తిరగడం మూర్ఖత్వం కాదు, కొన్నిసార్లు నిజంగానే బాగవుతుంది. పుట్టుకతో థైరాయిడ్ లేని బిడ్డకు మొదటి వారాల్లోనే సంగతి కనిపెట్టి రోజుకో చిన్న మాత్ర ఇస్తే, మందబుద్ధి కావలసిన బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. కొన్ని నెలలు ఆలస్యమైతే పోయింది తిరిగి రాదు. ఏ బిడ్డది ఏ సంగతో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే ఆ పరీక్ష మన దేశంలో ఇంకా అందరికీ అందలేదు. అందనప్పుడు తల్లి తిరగక ఏం చేస్తుంది?

నార్వేలో ఒక తల్లి ఉండేది, బోర్గ్నీ ఎగెలాండ్. ఇద్దరు పిల్లలు, ఇద్దరికీ బుద్ధి ఎదగలేదు. పిల్లల మూత్రంలో ఏదో వింత వాసన ఉందని ఆమె గమనించింది. ఏళ్ల తరబడి డాక్టరు తరవాత డాక్టరు దగ్గరికి తిరిగింది. వాసనకూ బుద్ధికీ సంబంధమేమిటని ఎవరూ పట్టించుకోలేదు. చివరికి అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు 1934లో ఆ మూత్రాన్ని పరీక్షించాడు. కలిపిన రసాయనం అనుకోని విధంగా ఆకుపచ్చగా మారింది. దాని వెంట పడితే ఒక జబ్బు బయటపడింది. పీకేయూ అంటారు, తిండిలోని ఒక పదార్థాన్ని శరీరం అరిగించుకోలేక అది మెదడును దెబ్బ తీస్తుంది. పుట్టగానే కనిపెట్టి తిండి మారిస్తే పిల్లలు మామూలుగా ఎదుగుతారు. ఆ పరీక్షను పసిపిల్లలందరికీ చేసేలా 1960ల మొదట్లో సులువు చేసిన రాబర్ట్ గుత్రీకి కూడా బుద్ధి ఎదగని కొడుకే ఉన్నాడు. ఎగెలాండ్ సొంత పిల్లలకు మాత్రం ఆలస్యమైపోయింది. పదిమంది డాక్టర్ల దగ్గరికి తిరిగే తల్లిని చూసినప్పుడల్లా నాకు ఆ నార్వే తల్లి గుర్తుకొస్తుంది. ఆమె ఒప్పుకుని ఇంట్లో కూచుని ఉంటే ఎంతమంది పిల్లల తెలివి పోయి ఉండేదో.

మరి దర్గా? గుట్ట? వాటి గురించి ఆమెనే అడిగాను. "గాడ పడుకుంటే ఎవ్వరు ఏమనరు సారూ" అంది. "అందరు గసొంటోళ్లే ఉంటరు. వీడు కేకలు వెట్టినా ఎవ్వరు మొగం తిప్పుకోరు. నాకు గూడ నిద్రొస్తది." దర్గాలో ఆమెకు దొరికినది మందు కాదు, పక్కన మనుషులు. కొడుకును ఎవరైనా చూసి నవ్వుతారేమోనని భయపడకుండా నిద్రపోయిన రాత్రులు అవి. ఆసుపత్రి ఇవ్వలేని దాన్ని ఆమె సరిగ్గానే వెతుక్కుంది. వెతికిన చోటు తప్పని అనేముందు, మన వీధిలో ఆమెకు అలా పడుకునే చోటు ఎందుకు లేకపోయిందని అడగాలి కదా.

మన ఇళ్లల్లో బాలింతను ఎలా చూస్తామో చూడండి. మూడు నెలలో అయిదు నెలలో పుట్టింట్లో ఉంచుతాం. తల్లి బిడ్డను చూసుకుంటే, అమ్మమ్మ తల్లిని చూసుకుంటుంది. చూసేవాళ్లనూ ఎవరో ఒకరు చూడాలని మన ఆడవాళ్లకు ఎప్పుడో తెలుసు. ఈవా కిట్టే అనే అమెరికా తత్వవేత్త, తన కూతురు సేషాకు తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్న తల్లి, 1999లో రాసిన పుస్తకంలో ఇదే మాటను న్యాయానికి పునాదిగా పెట్టింది. తత్వశాస్త్రం వందల ఏళ్లుగా మనిషికి నిర్వచనం చెబుతూ తెలివిని, తర్కాన్ని ముందు పెట్టింది. ఆ లెక్కన సేషా ఎక్కడుంటుంది? కిట్టే అడుగు ఇంకోచోట వేసింది. మనమందరం ఎవరో ఒక తల్లి బిడ్డలం, సమానత్వం అక్కడ మొదలవుతుంది అంది. నాకు ఆ మాటకంటే, దాని వెంట వచ్చే బాధ్యత ముఖ్యమనిపిస్తుంది. బస్టాండులో చూసిన ఆమె బాలింతతనం పద్దెనిమిదేళ్లయినా తీరలేదు. పుట్టింట్లో అమ్మ పోయింది. ఇప్పుడు ఆమెకు అమ్మమ్మ ఎవరు? కొంత ఆసరా దొరికింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఆమె లాంటి వాళ్లకు అది చిన్న సంగతి కాదు. ఆ టికెట్టు డబ్బులు కూడబెట్టుకోలేక నెలనెలా వెళ్లాల్సిన చోటికి ఏడాదికోసారి వెళ్లేవాళ్లను నేనెరుగుదును. మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదగనివాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థలో, దాని పేరు ఇప్పుడు మారింది కానీ మావాళ్లకు అది ఇప్పటికీ "బోయిన్‌పల్లి దవాఖాన", దూరం నుంచి వచ్చిన తల్లిదండ్రులు పిల్లలతో పాటు కొన్నాళ్లు ఉండి నేర్చుకుని పోవడానికి కుటీరాలు కూడా ఉన్నాయి. గుండీని ఆఖరి నుంచి నేర్పాలన్న మాట ఆమెకు అక్కడే దొరికింది. ఒక్క మాటతో ఇంట్లో ఏడు నెలలు వెలుగొచ్చింది. అలాంటి మాటలు చెప్పే మనిషి మండలానికి ఒకరైనా రోజూ అందుబాటులో ఉంటే? ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, నిజమే. అక్కడ పనిచేసే టీచర్లు నడవలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పి వస్తారు. వాళ్ల ఓపికకు నేను చెయ్యెత్తి దండం పెడతాను. కానీ వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, పిల్లలు ఊరూరా ఉన్నారు.

ఇక ఆ పైనున్న కాగితం. దాని గురించి నాకు ఎక్కువ బాధ ఉంది.

సర్టిఫికెటులో వైకల్యం శాతం ఉంటుంది. నలభై దాటితే పింఛను. తెలంగాణ వచ్చిన ఏడాది 500 నుంచి 1,500 అయింది, తరవాత 3,016, 2023 నుంచి 4,016. ఆ ఇంటికి అది పెద్ద ఆసరా, ఫిట్స్ మాత్రలు అందులోనే వస్తాయి. శాతం తేల్చడానికి ఒక కొలత ఉంది. పిల్లవాడికి ఏమేమి పనులొచ్చో తల్లిని అడిగి మార్కులు వేస్తారు. గ్లాసుతో నీళ్లు తాగుతాడా, మెట్లు ఎక్కుతాడా, చేతులు తనే కడుక్కుంటాడా. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ మార్కు 55కూ 69కీ మధ్య ఉంటే యాభై శాతం వైకల్యం, ఇంకా తగ్గితే డెబ్బై అయిదు, తొంభై, వంద అన్నారు. ఆ కొలతలో మూడు నాలుగేళ్ల పిల్లలకు రావలసిన పనుల్లో గుండీలు పెట్టుకోవడం కూడా ఒకటి.

ఇప్పుడు ఆ తల్లి పరిస్థితి ఊహించండి. ఏడు నెలలు రోజూ పొద్దున గుండీ నేర్పింది. సదరం శిబిరంలో ఎదురుగా కూచున్నవాళ్లు అడుగుతారు, గుండీలు పెట్టుకుంటాడా అమ్మా? పెట్టుకుంటాడంటే మార్కు పెరుగుతుంది, శాతం తగ్గుతుందేమోనని భయం. పక్కన కొడుకు వింటున్నాడు. వాడికి మాటలు సగమే వచ్చు కానీ తన గురించి మాట్లాడుతున్నారని తెలుసు. "ఏం రాదు సారూ" అని చెప్పి తల దించుకుందట. ఆ రోజు ఇంటికి వచ్చాక వాడు చొక్కా విప్పనివ్వలేదని చెబుతూ ఆమె కళ్లు తుడుచుకుంది. అడిగినవాళ్ల తప్పు కాదు, ఎవరికో ఒకరికి ఎంతో కొంత ఇవ్వాలంటే కొలత ఉండాలి. కానీ తల్లి నోటితోనే బిడ్డ చేతకానితనాన్ని చెప్పించకుండా ఇవ్వలేమా అన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆ కొలత పుట్టిన ఊరి పేరు వైన్‌లాండ్. అమెరికాలోని న్యూజెర్సీలో ఉంది. అక్కడి శిక్షణ పాఠశాలలో ఎడ్గర్ డాల్ 1935లో దాన్ని తయారుచేశాడు, నాగ్‌పూర్‌లో మాలిన్ మన పిల్లలకు తగినట్టు మార్చాడు. అదే పాఠశాలలో అంతకుముందు హెన్రీ గోడార్డ్ ఉండేవాడు. పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే 1905లో, బడిలో వెనకబడిన పిల్లలకు సాయం చేయడానికని తయారుచేసిన తెలివి పరీక్షను గోడార్డ్ అమెరికా తెచ్చి, పిల్లలకు ముద్రలు వేయడానికి వాడాడు. మందబుద్ధి వంశపారంపర్యమని, వాళ్లను వేరుగా ఉంచాలని, పిల్లల్ని కననివ్వకూడదని 1912లో పుస్తకం రాశాడు. తెలివి ఒకేచోట స్థిరంగా ఉండేదన్న ఆలోచనను బినే తన చివరి ఏళ్లలో గట్టిగా ఖండించాడు, సాధన చేస్తే పెరుగుతుందని చెప్పాడు. అది ఎవరికీ వినబడలేదు. చేయూతనివ్వడానికి పుట్టిన కొలత వెలి వేయడానికి పనికొచ్చింది. అదే వైన్‌లాండ్‌కు 1929లో పెర్ల్ బక్ అనే రచయిత్రి తన తొమ్మిదేళ్ల కూతురు కెరోల్‌ను తీసుకుపోయి అప్పగించింది. బతుకంతా అయ్యే ఖర్చు కోసం ఆమె పట్టుబట్టి రాసింది. నోబెల్ దాకా వెళ్లిన ఆ కలం వెనుక ఆ కూతురుంది. ఆ సంగతి లోకానికి చెప్పడానికి ఆమెకు 1950 దాకా ధైర్యం చాలలేదు. కెరోల్‌ది నార్వేలో బయటపడిన ఆ పీకేయూ జబ్బేనని తరవాత తెలిసింది. ఇవన్నీ ఎక్కడివో దూరపు కథలనుకోకండి. వైన్‌లాండ్ అనే ఆ ఊరి పేరు మన పిల్లల పరీక్ష కాగితాల మీదా ఉంటుంది.

మన కథల్లో ఇలాంటి పిల్లవాడు ఎవరున్నాడని వెతికాను. జడభరతుడు ఉన్నాడు. భాగవతం అయిదో స్కంధం, తెలుగులో గంగన రాసిన భాగం. బ్రాహ్మణుడి ఇంట పుట్టాడు, జడుడిలా ఉంటాడు. తండ్రికి ఆ కొడుకంటే ప్రాణం. నాలుగు నెలలు కూచోబెట్టి గాయత్రి నేర్పాడు, రాలేదు. అయినా నేర్పడం మానలేదు, నేర్పుతూనే కన్నుమూశాడు. తల్లీ పోయింది. అన్నలు వీడికి చదువెందుకని మానేసి పొలం కావలికి పెట్టారు. తవుడు, తెలకపిండి, మాడిన అడుగంటు, ఏది పెడితే అది తిన్నాడు. దొంగలు పట్టుకుపోయి భద్రకాళికి బలివ్వబోతే ఆ తల్లే విగ్రహంలోంచి వచ్చి కాపాడింది. తరవాత రహూగణుడనే రాజు భటులు పల్లకి మోయడానికి పట్టుకెళ్లారు. నడక కుదరలేదని రాజు తిట్టాడు. అప్పుడు నోరు విప్పి బ్రహ్మజ్ఞానం చెప్పాడు. రాజు పల్లకి దిగి కాళ్ల మీద పడ్డాడు.

చిన్నప్పుడు విన్నప్పుడు చివరిది ఒక్కటే గుర్తుంది. ఇప్పుడు మొదటి సగమే నన్ను పట్టుకుంటోంది. నాలుగు నెలలు నేర్పిన ఆ తండ్రి, గుండీ నేర్పిన ఈ తల్లి ఒక్కటే అనిపిస్తారు. తల్లిదండ్రులు పోయాక అన్నలు ఏం చేస్తారో ఆ కథలో ఉన్నది ఉన్నట్టు రాశారు. కానీ నా ప్రశ్న రాజు దగ్గర ఉంది. లోపల జ్ఞాని ఉన్నాడని తేలాక పల్లకి దిగాడు. తేలకపోతే? మోస్తున్నవాడు నిజంగానే జడుడైతే, నోరు విప్పితే సగం మాటలే వస్తే, దిగవలసిన పని లేదా? ఇలాంటి పిల్లల గురించి చెప్పే కథలన్నీ చివరికి ఏదో ఒక దాచిన విద్య దగ్గరికి చేరతాయి. జపాన్ రచయిత కెంజబురో ఓయె కొడుకు హికారి 1963లో మెదడు లోపంతో పుట్టాడు, సంగీతకారుడయ్యాడు. సంతోషమే. అయితే సంగీతం రాని లక్షలమంది పిల్లలకు మనం ఏ కథ చెప్పుకుంటాం? ఈ కుర్రవాడిలో జ్ఞాని లేడు, సంగీతం లేదు. గుండీ ఒకటి పెట్టుకోగలడు. వాడికి పెట్టే అన్నానికి కారణం కావాలంటే ఎక్కడినుంచి తేవాలి?

మన ధర్మశాస్త్రాలు దీనికి ఒక జవాబు చెప్పాయి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో జడులకూ గుడ్డివాళ్లకూ చెవిటివాళ్లకూ ఆస్తిలో వాటా లేదంది. వెంటనే, వాళ్లకు బతికినంతకాలం శక్తి కొద్దీ తిండీ బట్టా పెట్టాలని, పెట్టనివాడు పతితుడని కూడా అంది. అన్నం ఉంది, వాటా లేదు. కొంత దయ ఉంది, కాదనను. కానీ అన్నం పెట్టేవాడి ఇష్టం మీద ఉంటుంది, వాటా మనిషి సొంతం. బ్రిటిష్ ఇండియాలో 1928లో చట్టం తెచ్చి వైకల్యం ఉన్నవాళ్లకు వాటా ఇచ్చారు, పుట్టుకతో పిచ్చివాళ్లనూ జడులనూ మాత్రం అప్పుడు కూడా బయటే ఉంచారు. 1956 హిందూ వారసత్వ చట్టంతో ఆ తలుపూ తెరుచుకుంది. కాగితం మీద.

సాగర్ రోడ్డు పక్కన ఎకరం కోట్లు పలికే రోజుల్లో ఈ సంగతి పుస్తకాల్లోది కాదు. ఈ పిల్లవాడి తండ్రికి అర ఎకరం ఉంది. కొడుక్కి పద్దెనిమిది నిండగానే చట్టం దృష్టిలో తల్లిదండ్రులు వాడికి సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టి మళ్లీ సంరక్షకులుగా నియమించుకోవాలి. ఆ రోజు ఆమె వెళ్తున్న పనుల్లో అదీ ఒకటి. "వాని పేర భూమి రాస్తే చిన్నాయనోళ్లు గుంజుకుంటరేమో, రాయకుంటె వానికి ఏముంటది సారూ" అంది. వాటా ఉంటే దానికోసం దగ్గరికి చేరతారని భయం, లేకపోతే ఎవరూ రారని భయం. ఈ రెండు భయాల మధ్య నాకు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

చెప్పలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. చివరి బెంచీలో కిటికీ పక్కన. అప్పుడు ఈ జిల్లాలో పిల్లలందరినీ బడికి తేవాలని ఊరూరా తిరుగుతున్న కాలం. ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలోనే ఆ పని మొదలుపెట్టింది. పేద తల్లిదండ్రులకు చదువు అక్కర్లేదన్న మాట అబద్ధమని ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా, ఆమెతో పనిచేసిన ఊరి యువకులు రుజువు చేశారు. మేమూ ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చాం. వాణ్నీ అలాగే తెచ్చాం. వాడి పేరు హాజరుపట్టీలో ఉండేది. పిలిస్తే చెయ్యెత్తేవాడు. రోజూ హాజరు వేసేవాణ్ని. పై తరగతికి పంపాం, ఆ పైకి పంపాం. అయిదో తరగతి అయ్యాక రాలేదు. నేను అడగలేదు. అయిదేళ్లు బడి లోపలే ఉండి బయట ఉన్నాడు వాడు. నేను వాడికి ఏ ఒక్క గుండీ నేర్పలేదు. కావాలంటే రోజూ పది నిమిషాలు దొరికేవి. ఇది బడి తప్పు కాదు, నాది.

బోయిన్‌పల్లి వెళ్లే బస్సు ఇంకా రాలేదు. ఆమె కవరులోంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టింది. రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం, అట్ట మీద స్కూలు పిల్లల స్టిక్కరు. "మా పెద్దపిల్ల రాసింది. చూడుండ్రి సారూ, తప్పులుంటే దిద్దుండ్రి." పదో తరగతి చదువుతున్న చెల్లెలు, తల్లి చెబుతుంటే అన్న గురించి రాసిన పుస్తకం. ఎవరికోసమని అడగలేదు. తెలుస్తూనే ఉంది.

పొద్దున లేవగానే బాత్రూముకు తీసుకుపోవాలి, చెప్పడు. ఫిట్స్ గోళీ పొద్దున ఒకటి రాత్రి ఒకటి, తప్పొద్దు. మెరుపులకు భయపడతడు, వాన వస్తే పక్కన కూచోవాలి. చెరువు అంటే ఇష్టం, కట్ట మీదికి తీసుకపోతే చాలాసేపు కూచుంటడు, దిగనీయొద్దు. పప్పు తింటడు, వంకాయ తినడు. కోపమొస్తే చెవులు మూసుకుంటడు, కొట్టొద్దు. పక్కింటి ముసలవ్వను అమ్మమ్మ అంటడు. సంతకం రాదు, వేలిముద్ర.

తప్పులు ఉన్నాయి. నేను ఒక్కటీ దిద్దలేదు. చివరి పేజీలో పైన "అమ్మ నాన్న తరువాత" అని రాసి, గీత గీసి, కింద పెన్సిలుతో చెల్లెలు తన పేరే రాసుకుంది. "పెన్నుతోని రాయద్దన్న నేనే" అంది తల్లి. "దానికి పెండ్లి గావాలె, పెద్దగావాలె. అప్పుడు దాన్నే అడగాలె కద సారూ."

బస్సొచ్చింది. కొడుకు ముందు ఎక్కాడు. పుస్తకం ఇచ్చేస్తూ చూశాను, పెన్సిలు పేరుకు ముందు పేజీలో, చొక్కాల గురించి రాసిన చోట, ఈమధ్యే కలిపినట్టు సిరా రంగు మారి ఉన్న వాక్యం ఒకటి: కింది గుండీ వాడే పెట్టుకుంటడు, తొందర పెట్టొద్దు.